హోమ్ ఆడియోకు వైరు ఎలా ఎంచుకోవాలి: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ఇంట్లోకి ఒక యాంప్లిఫైయరు, ఒక మంచి స్పీకర్ల జత వచ్చాక ఎవరికైనా పుట్టే అనుమానం ఒకటే. వైరు మారిస్తే సౌండు మారుతుందా? షాపులో అడిగితే తప్పకుండా మారుతుందంటారు. ఇంజనీరింగ్ చదివిన బావమరిదిని అడిగితే అంతా బూటకం అంటాడు. ఇద్దరూ చెరి సగం నిజం చెబుతున్నారు. వైరు మందం, అతుకుల గట్టిదనం, హమ్ (స్పీకర్లలో గుయ్యిమనే రొద) రాకుండా కలుపుకోవడం, ఈ మూడు విషయాల్లో తేడా చెవికి తెలిసిపోతుంది. ఇవి సరిచూసుకున్నాక వైరు మీద పెట్టే ప్రతి రూపాయీ డబ్బా అందానికే పోతుంది. తిరుపతిలోనో చిత్తూరులోనో సొంతిల్లు అయినా, అద్దె పోర్షన్ అయినా పని ఒకటే. కింది వరుసలో చేసుకుంటూ వెళ్లండి.

1. టేపు పట్టుకుని దారి కొలవండి

యాంప్లిఫైయరు నుంచి స్పీకరు దాకా నేరుగా ఉన్న దూరం కాదు, వైరు నిజంగా వెళ్లే దారి కొలవాలి. టీవీ స్టాండు వెనక నుంచి గోడవారగా వెళ్లి, ద్వారబంధం ఎక్కి దిగి, సోఫా వెనక తేలుతుంది అది. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న హాల్లో ముందు స్పీకర్లకు మూడు మీటర్లు చాలు. అదే హాల్లో వెనక స్పీకరుకు దాదాపు 14 మీటర్లు పడుతుంది. చాలామంది ఇక్కడే లెక్క తప్పి, వైరు చాలక మధ్యలో ముక్క అతికిస్తారు. ప్రతి చివరా అర మీటరు అదనంగా వేసుకోండి. రేపు ఊడ్చేటప్పుడో తుడిచేటప్పుడో స్పీకరును ముందుకు లాగాల్సి వస్తుంది.

కుడి ఎడమ వైర్లు ఒకే పొడవు ఉండాలని కొందరు పట్టుబడతారు. అవసరం లేదు. వైరులో సిగ్నలు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఒక వైరు ఐదు మీటర్లు ఎక్కువున్నా వచ్చే ఆలస్యం సెకనులో నాలుగు కోట్ల వంతు. మీరు సోఫాలో ఒక్క సెంటీమీటరు పక్కకు జరిగితే వచ్చే తేడా దీనికి వెయ్యి రెట్లకు పైనే ఉంటుంది. ఒక వైపు చిన్నది, ఒక వైపు పెద్దది కొనుక్కుని డబ్బు మిగుల్చుకోండి.

2. స్పీకరు వెనక ఎన్ని ఓమ్‌లో చూసి మందం తేల్చండి

మొత్తం వ్యవహారంలో కీలకం ఇదే, కాస్త నిదానంగా చదవండి.

పలమనేరు వైపు బోరు వేయించిన రైతునెవరినైనా అడగండి. వెయ్యి అడుగుల లోతున మోటారుకు సన్న కేబులు వేస్తే ఏమవుతుందో బాగా తెలుసు. వోల్టేజీ దారిలోనే పడిపోయి మోటారు లాగదు. స్పీకరుకు జరిగేదీ అదే భౌతికశాస్త్రం. వైరుకు తనదైన రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఉంటుంది. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. స్పీకరు వెనక రాసి ఉండే ఓమ్‌లూ ఇలాంటి అంకే. పొడవు పెరిగితే అది పెరుగుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది. స్పీకరుకు చేరాల్సిన శక్తిలో కొంత ఈ రెసిస్టెన్స్ తినేస్తుంది.

గుర్తుపెట్టుకోవలసిన నియమం ఒకటే. వైరు రానుపోను రెసిస్టెన్స్ మొత్తం, స్పీకరు ఓమ్‌లలో ఐదు శాతం దాటకూడదు. 8 ఓమ్ స్పీకరుకు 0.4 ఓమ్, 6 ఓమ్‌కు 0.3, 4 ఓమ్‌కు 0.2. అమెరికాలో మెకింటాష్ ఆడియో కంపెనీ అకౌస్టిక్ పరిశోధన విభాగాన్ని నడిపిన రోజర్ రసెల్ వేసిన వైరు పట్టిక కూడా ఈ ఐదు శాతం లెక్క మీదే నిలబడింది. ఈ హద్దులో ఉంటే శబ్దంలో తగ్గేది సుమారు 0.4 డెసిబెల్. అంత తేడాను సంగీతం వింటూ పట్టుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు మన షాపుల్లో దొరికే కాపర్ ఫ్లెక్సిబుల్ వైర్ల సంగతి. వీటి మందం స్క్వేర్ ఎంఎంలలో చెబుతారు, అంటే తీగను అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం. మీటరు పొడవుకు రానుపోను రెసిస్టెన్స్ 0.5 స్క్వేర్ ఎంఎం వైరుకు 0.078 ఓమ్, 1 స్క్వేర్ ఎంఎంకు 0.039, ఒకటిన్నరకు 0.027, రెండున్నరకు 0.016 ఉంటుంది. దీన్నిబట్టి 8 ఓమ్ స్పీకరుకు అర స్క్వేర్ ఎంఎం వైరు ఐదు మీటర్ల దాకా పనికొస్తుంది. ఒకటిన్నర వైరు 15 మీటర్ల దాకా, రెండున్నర వైరు 25 మీటర్ల దాకా నిశ్చింతగా వేసుకోవచ్చు. స్పీకరు 4 ఓమ్ అయితే ఈ దూరాలన్నీ సగానికి పడిపోతాయి.

అంటే టీవీ పక్కనే ఉండే ముందు స్పీకర్లకు ఒకటిన్నర వైరు ధారాళంగా సరిపోతుంది. వెనక స్పీకర్ల సంగతే వేరు. హోమ్ థియేటర్ డబ్బాలో ఉచితంగా వచ్చే వైరు చాలావరకు వెంట్రుకలా ఉంటుంది. అది అర స్క్వేర్ ఎంఎం ఉందనే అనుకుందాం. 14 మీటర్లకు 1.09 ఓమ్ అవుతుంది. 6 ఓమ్ స్పీకరు మీద అది 18 శాతం, ఒకటిన్నర డెసిబెల్ దాకా నష్టం. అదే చోట రెండున్నర వైరు వేస్తే 0.22 ఓమ్‌తో పోతుంది. వైరు మార్చగానే సౌండు మారిందని చెప్పేవాళ్లలో చాలామంది నిజమే చెబుతున్నారు. వాళ్లు మార్చింది బ్రాండు అనుకుంటారు, మారింది మందం.

సన్న వైరు వల్ల సౌండు తగ్గడంతోనే పోదు. స్పీకరు మీద 8 ఓమ్ అని రాసి ఉన్నా అది అన్ని స్వరాల దగ్గరా 8 ఉండదు. ఒకచోట ఐదుకు దిగుతుంది, ఇంకోచోట ఇరవై దాటుతుంది. వైరు రెసిస్టెన్స్ ఎక్కువైతే ఐదున్న చోట ఎక్కువ కోత పడుతుంది, ఇరవై ఉన్న చోట దాదాపు పడదు. కాబట్టి వైరు తెలియకుండానే ఒక టోన్ కంట్రోల్‌లా పనిచేసి పాట రంగు మార్చేస్తుంది. మృదంగం తొప్పి వైపు దెబ్బ కాస్త వదులుగా, సాగినట్టు వినిపించడానికి ఇదొక కారణం కావచ్చు.

గుడి ముందు స్తంభాలకు కట్టిన హారన్ స్పీకర్లకు వందల మీటర్లు సన్న వైరే వేస్తారు కదా, అది ఎలా పనిచేస్తోందని మీకు సందేహం రావచ్చు. మైక్‌సెట్ వాళ్లది వేరే పద్ధతి. వాళ్ల యాంప్లిఫైయరు 100 వోల్టుల లైన్ మీద నడుస్తుంది, ప్రతి హారన్‌లోనూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 30 వాట్లకు అక్కడ పారేది 0.3 ఆంపియర్. అదే 30 వాట్లు మీ ఇంటి 8 ఓమ్ స్పీకరుకు పంపాలంటే సుమారు 2 ఆంపియర్లు కావాలి. వైరులో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక వాళ్లకు అది నలభై రెట్లు తక్కువ. వాళ్లను చూసి మీరు సన్న వైరు వేయకండి.

3. షాపులో ఏం అడగాలి

ఆడియో షాపుకు వెళ్లనక్కర్లేదు. మీ వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులో "అన్నా, టూ కోర్ ఫ్లెక్సిబుల్, రెండున్నర, కాపర్‌దే ఇవ్వు" అంటే చాలు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె, స్క్వేర్ ఎంఎం సైజు వైరు తొడుగు మీదే అచ్చయి ఉంటాయి. అవి చదివి కొనండి. ఒక్కోసారి షాపతను స్క్వేర్ ఎంఎం చెప్పకుండా 23/76, 40/76 అంటాడు. మొదటి అంకె పోగుల లెక్క. రెండోది ఒక్కో పోగు మందం, అంగుళంలో పదివేల వంతుల్లో 76. 23/76 అంటే సుమారు 0.67 స్క్వేర్ ఎంఎం, 40/76 అంటే సుమారు 1.2. ముందు స్పీకర్లకు 40/76 బాగానే సరిపోతుంది. వెనక స్పీకర్లకు దూరం ఎక్కువుంటే చాలదు.

పారదర్శకంగా మెరిసే స్పీకర్ వైరు చూసి మందాన్ని అంచనా వేయకండి. ఆ ప్లాస్టిక్ తొడుగు లోపలి తీగను పెద్దది చేసి చూపిస్తుంది. చివర ఒలిపించి చూడండి.

ఇత్తడి బనానా ప్లగ్గులు, ఆప్టికల్ కేబులు, మంచి ఆర్‌సీఏ కేబులు (ఒక పరికరం నుంచి ఇంకోదానికి సిగ్నలు మోసే గుండ్రటి ప్లగ్గుల వైరు) లాంటివి ఇక్కడ దొరక్కపోతే చెన్నై వెళ్లే పనున్నప్పుడు మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్‌లో చూసుకోవచ్చు. దానికోసమే ప్రత్యేకంగా రైలెక్కే పని పెట్టుకోకండి, ఆన్‌లైన్‌లో ఆర్డర్ ఇస్తే ఇంటికే వస్తాయి.

4. అది కాపరేనా, చూసుకోండి

ఇప్పుడు జరుగుతున్న మోసమంతా ఇక్కడే ఉంది. అల్యూమినియం తీగకు పైన పల్చగా రాగి పూత వేసి స్పీకర్ వైరుగా అమ్ముతారు. డబ్బా మీద సీసీఏ (కాపర్ క్లాడ్ అల్యూమినియం) అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. అదే మందం రాగి తీగతో పోలిస్తే దీని రెసిస్టెన్స్ దాదాపు ఒకటిన్నర రెట్లు.

పరీక్ష చాలా తేలిక. ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా వెండిలా మెరిస్తే అల్యూమినియం. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. పైన తెల్లగా ఉండి కోస్తే లోపల ఎర్రగా కనిపిస్తే అది తగరం పూత వేసిన రాగి, మంచిదే. చేత్తో పట్టుకుంటే బరువు కూడా చెబుతుంది, అల్యూమినియం చుట్ట తేలిగ్గా తగులుతుంది. సీసీఏ వాడకూడదని కాదు. ధర నిజాయితీగా ఉంటే ఒక సైజు పెద్దది తీసుకోండి, లెక్క సరిపోతుంది. కాకపోతే దాని పోగులు రెండు మూడుసార్లు వంచితే తెగుతాయి, స్క్రూ కింద నలిగి కొన్నాళ్లకు వదులవుతాయి. నేనైతే ఇంట్లో వేయను.

ఆక్సిజన్ లేని రాగి, వెండి తీగ అంటూ వేలు చెప్పేవాళ్లు ఉంటారు. మామూలు కరెంటు వైరు రాగికీ ఆక్సిజన్ తీసేసిన రాగికీ విద్యుత్ వాహకత్వంలో తేడా ఒక్క శాతం దాకా. వెండి రాగికంటే ఆరు శాతం మెరుగు. అంటే రాగి వైరును ఆరు శాతం మందంగా తీసుకుంటే వెండితో సమానం. ఆ ఆరు శాతానికి వెండి ధర కట్టాలా అన్నది మీ ఇష్టం.

5. చివరలు శుభ్రంగా ఒలిచి, గట్టిగా బిగించండి

పది మీటర్ల మంచి వైరును ఒక్క వదులు జాయింటు పాడు చేస్తుంది. స్ట్రిప్పర్‌తో ఒకటిన్నర సెంటీమీటరు ఒలవండి. పంటితో లాగితే నాలుగు పోగులు తెగిపోతాయి. పోగులన్నీ ఒకే వైపు మెలిపెట్టి, ఒక్క పోగు కూడా పక్కకు రాకుండా టెర్మినల్‌లోకి తోయండి. బయటికి వచ్చిన ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకితే యాంప్లిఫైయరు అవుట్‌పుట్ కాలిపోవచ్చు. అందుకే ఈ పనంతా ప్లగ్గు పీకేశాకే చేయండి. స్విచ్ ఆపడం చాలదు.

చవక సిస్టమ్‌ల వెనక నొక్కితే తెరుచుకునే స్ప్రింగ్ క్లిప్పులు ఉంటాయి. వాటిలో రెండున్నర వైరు పట్టదు. కొందరు పోగులు సగం కత్తిరించి దూరుస్తారు, అది వద్దు. చివర ఒక పిన్ను లగ్గు (సన్న పిన్నులా ఉండే లోహపు మూత) నొక్కించుకోండి. గుండ్రని టెర్మినళ్లు ఉంటే బనానా ప్లగ్ సౌకర్యం. దానితో సౌండు మెరుగవుతుందని కాదు, మాటిమాటికీ తీసి పెట్టేటప్పుడు పోగులు చిట్లవు.

మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ. బయటికి తెరుచుకుని ఉన్న రాగి చివర నల్లబడుతుంది, ఒక్కోసారి పచ్చబడుతుంది. వానలు తగ్గాక ఒకసారి చివరలు విప్పి, నల్లబడిన అంగుళం కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించండి. బంగారు పూత ప్లగ్గులు ఉపయోగపడేది ఇందుకే, బంగారం తుప్పు పట్టదు. విద్యుత్తును పంపడంలో మాత్రం బంగారం రాగికంటే వెనకే. పారదర్శక వైరు మధ్యలో పచ్చగా మారితే కంగారు పడకండి. తొడుగులోని ప్లాస్టిక్ రసాయనం రాగితో కలిసి వచ్చే రంగు అది.

కరెంటు వైరునే స్పీకరుకు వాడుతున్నారు కనుక ఒక జాగ్రత్త. రెండు చివరలకూ టేపు చుట్టి స్పీకర్ అని రాయండి. ఇల్లు సర్దేటప్పుడు ఎవరో దానికి త్రీపిన్ ప్లగ్గు బిగించి గోడలో పెడితే స్పీకరు క్షణంలో పోతుంది, మనిషికీ ప్రమాదమే.

6. ఎరుపు ఎరుపుకే

ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారైతే కోన్లు ఎదురెదురుగా కదిలి బేస్ మాయమవుతుంది. గొంతు మధ్యలో నిలవకుండా హాలంతా చెదిరిపోతుంది. వైరులో ఏది ఏదో తెలియకపోతే 1.5 వోల్టుల బ్యాటరీ తీసుకోండి. వైరును యాంప్లిఫైయరు నుంచి విప్పి, చివరలను బ్యాటరీకి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే బ్యాటరీ ప్లస్‌కు తాకిన తీగే ప్లస్. పై స్వరాలు పలికే చిన్న ట్వీటర్ల మీద ఈ ప్రయోగం చేయకండి.

కొత్త వైరు అద్భుతమని చెప్పేవాళ్లలో కొందరి పాత వైరు ఇలా తిరగబడి ఉండేదేమో. ఒక్కసారి సరిచూసుకుంటే అనుమానం తీరుతుంది.

7. హమ్ వస్తుంటే వైరు కొనకండి, వెతకండి

గుయ్యిమనే శబ్దానికి జనం ఖరీదైన ఆర్‌సీఏ కేబులు కొంటారు. చాలాసార్లు జబ్బు అక్కడ ఉండదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ 50, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దంగా స్పీకర్లలోకి దూరుతుంది.

ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. హమ్ అంతే ఉంటే అది యాంప్లిఫైయరులోనో దాని తర్వాతో పుడుతోంది, ఇన్‌పుట్ కేబుళ్లను నిందించి లాభం లేదు. వాల్యూమ్‌తో పాటు హమ్ పెరిగి తగ్గుతుంటే ఇన్‌పుట్‌లు ఒక్కొక్కటే పీకుతూ వినండి. చాలా ఇళ్లలో సెట్‌టాప్ బాక్సులోకి వచ్చే కేబుల్ టీవీ వైరు పీకగానే హమ్ ఆగుతుంది. కారణం ఏమిటంటే, ఆ వైరు పై జాలీ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) వీధిలో ఇంకెక్కడో భూమికి కలిసి ఉంటుంది. మీ యాంప్లిఫైయరు మీ ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటుంది. రెండు భూములకు మధ్య వోల్టేజీలో కొద్ది తేడా ఉన్నా ఆ తేడా కరెంటంతా మీ ఆడియో కేబుల్ జాలీ గుండా పారుతుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. పదివేల కేబులు కొన్నా ఆ కరెంటు పారుతూనే ఉంటుంది.

మందు ఇది. టీవీ, సెట్‌టాప్ బాక్స్, యాంప్లిఫైయరు అన్నీ ఒకే ప్లగ్ పాయింటు నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపండి. తగ్గకపోతే టీవీ నుంచి యాంప్లిఫైయరుకు ఆప్టికల్ కేబులు వేయండి. తోషిబా కంపెనీ 1983లో తెచ్చిన పద్ధతి అది, సిగ్నలు వెలుతురుగా వెళ్తుంది. రెండు పరికరాల మధ్య లోహపు తీగే లేదు కనుక లూప్ తెగిపోతుంది. కొన్ని వందల రూపాయల ఆప్టికల్ కేబులు ఇక్కడ చేసే పని ఏ వెండి కేబులూ చేయలేదు. ఆప్టికల్ వీలుకాకపోతే టీవీ కేబుల్ దారిలో పెట్టే ఐసోలేటర్ (సిగ్నలును పోనిచ్చి ఆ లూప్ కరెంటును ఆపే చిన్న పరికరం) వాడండి. ఆర్‌సీఏ దారిలో పెట్టే ఐసోలేటర్లూ దొరుకుతాయి కానీ వాటిలోని చవక ట్రాన్స్‌ఫార్మర్లు బేస్ తినేస్తాయి.

ఎట్టి పరిస్థితుల్లోనూ మూడో పిన్ను విరగ్గొట్టకండి, ఎర్త్ తీగ తీసేయకండి. హమ్ ఆగుతుంది, నిజమే. యాంప్లిఫైయరు డబ్బాకు కరెంటు తాకిన రోజున దాన్ని ముట్టుకున్న మనిషిని కాపాడేది ఆ తీగే. దానికి బదులు మీ ఎర్త్ గుంతను చూసుకోండి. రాతి నేల ఉన్న మన ఊళ్లలో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోయించాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి పరీక్ష చేయించండి, ఆడియో లేకపోయినా చేయించాల్సిన పని అది.

గుయ్యిమనకుండా బర్రుమంటుంటే వేరే దొంగ. ఫ్యాను రెగ్యులేటర్ తిప్పి చూడండి, ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే వస్తుంటే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది. ఆడియోకు ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కావాలి. ఆర్‌సీఏ కేబులును కరెంటు వైర్ల పక్కనే కట్టగా కట్టకండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

సబ్‌వూఫర్‌కు హాలు చివరి దాకా లాగే ఆర్‌సీఏ కేబులు విషయంలో మాత్రం కాస్త మంచిది కొనండి. సన్న సిగ్నలు దూరం పోతోంది కనుక లోపలి జాలీ దట్టంగా ఉండాలి. గంగమ్మ జాతరలో స్టేజీ మీద మైకు కేబుళ్లు అంత దూరం పోయినా హమ్ రాదంటే, వాటిలో సిగ్నలు రెండు తీగల్లో ఒకదానికొకటి తలకిందులుగా ప్రయాణిస్తుంది, చివర ఒకదాన్ని తిరగేసి రెండోదానితో కలుపుతారు. దారిలో దూరిన రొద రెండిటిలోనూ ఒకేలా ఉండి కొట్టుకుపోతుంది. ఇంటి పరికరాల్లో ఆ వసతి అరుదు.

8. హెచ్‌డీఎంఐ, ఆప్టికల్, యూఎస్‌బీ

ఇక్కడ పోయేవి అంకెలు. చేరితే పూర్తిగా చేరతాయి. చేరకపోతే సౌండు టపటపా తెగుతుంది, బొమ్మ మీద చుక్కలు పడతాయి, లేదా తెర నల్లబడుతుంది. తియ్యదనం తగ్గడం, గొంతు మొద్దుబారడం లాంటివి ఉండవు. మామూలు కేబుల్‌తో తెగకుండా వస్తుంటే పని అయిపోయినట్టే. 4కే 120 హెర్ట్జ్ గేమింగ్ ఉంటే 48 గిగాబిట్లకు సర్టిఫై అయిన అల్ట్రా హై స్పీడ్ కేబులు తీసుకోండి. టీవీ నుంచి సౌండ్‌బార్‌కు ఈఆర్క్ (టీవీ సౌండును హెచ్‌డీఎంఐ కేబులు మీదే బయటికి పంపే పద్ధతి) దారిలో పంపడానికి ఈథర్నెట్ ఉన్న హై స్పీడ్ కేబులు చాలు. ఆప్టికల్‌కు ఒక పరిమితి ఉంది, బ్లూరేలోని ట్రూహెచ్‌డీ లాంటి నష్టం లేని సరౌండ్ దానిలో పోదు. అది కావాలంటే హెచ్‌డీఎంఐ తప్పదు.

గ్రామఫోన్ రికార్డులు వినేవాళ్లకు ఒక మినహాయింపు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి (సూదిని పట్టుకుని, చిన్న అయస్కాంతం కదలికతో సిగ్నలు పుట్టించే భాగం) ఉన్న టర్న్‌టేబుల్‌కు ఆర్‌సీఏ కేబులు కెపాసిటెన్స్ (కేబులు తనలో కొద్దిగా చార్జి నిలుపుకునే గుణం) నిజంగానే పై స్వరాలను మారుస్తుంది. చాలా కార్ట్రిడ్జిలకు కేబులు, ప్రీయాంప్ కలిపి 100 నుంచి 200 పికోఫారడ్ల మధ్య ఉండమని కంపెనీలే రాస్తాయి. అక్కడ పొట్టి, తక్కువ కెపాసిటెన్స్ ఉన్న కేబులు కొనండి. ఖరీదు కాదు, ఆ అంకె చూడండి.

9. వీటికి డబ్బు పెట్టకండి

కేబులును నేలకు తగలకుండా ఎత్తిపెట్టే బొమ్మ స్తంభాలు, రెండు వందల గంటలు వాడితే కేబులు పాకానికి వస్తుందనే మాట, లక్ష రూపాయల పవర్ కార్డు. సబ్‌స్టేషన్ నుంచి మీ ఇంటి స్విచ్‌బోర్డు దాకా ఎన్ని కిలోమీటర్ల మామూలు తీగ ఉందో ఒకసారి తలచుకుంటే, చివరి మీటరు పవర్ కార్డు గురించి టెన్షన్ ఉండదు. స్పీకర్ వైరు మీది బాణం గుర్తుకూ అర్థం లేదు. అందులో పోయే కరెంటు సెకనుకు వందల, వేల సార్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఒక చివరే జాలీ కలిపిన కొన్ని ఆర్‌సీఏ కేబుళ్లకు మాత్రం బాణానికి పని ఉంది.

2007లో అమెరికాలో జేమ్స్ రాండీ అనే మాజీ ఇంద్రజాలికుడు ఒక సవాలు విసిరాడు. 12 అడుగుల జత 7,250 డాలర్లకు అమ్ముతున్న ఒక స్పీకర్ కేబులుకూ మామూలు మంచి కేబులుకూ తేడా చూడకుండా విని చెబితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ పరీక్ష జరగలేదు, కేబులు కంపెనీ వెనక్కి తగ్గింది.

మిగిలిన డబ్బుకు మంచి చోటు ఉంది. గ్రానైట్ నేల, సున్నం గోడలు, పెద్ద అద్దాల కిటికీ ఉన్న మన హాళ్లు మోగిపోతుంటాయి. ఒక మందపాటి తివాచీ, కిటికీకి బరువైన కర్టెను వేయండి. స్పీకర్లను గోడకు కాస్త ముందుకు, చెవుల ఎత్తుకు తెండి. ఇల్లు కడుతున్నవాళ్లయితే ఇప్పుడే వెనక గోడ దాకా కరెంటు పైపుకు దూరంగా విడి పైపు ఒకటి వేయించి, లోపల లాగుడు తీగ వదిలేయండి. గోడ పగలగొట్టే కూలీతో పోలిస్తే అది ఖర్చే కాదు.

10. ఇంకా అనుమానం ఉంటే చూడకుండా వినండి

పాత వైరు, కొత్త వైరు రెండూ సిద్ధంగా పెట్టుకోండి. మీకు బాగా తెలిసిన ఒక పాట, ఒక అన్నమయ్య కీర్తన అయినా సరే, ఒకే వాల్యూమ్‌లో పెట్టండి. కొద్దిగా గట్టిగా వినిపించేదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది కనుక వాల్యూమ్ ముట్టుకోకూడదు. ఇంట్లో ఒకరు మీకు కనబడకుండా వైరు మార్చాలి. నాణెం ఎగరేసి ఏ వైరో నిర్ణయించుకుని కాగితం మీద రాసుకోవాలి, మీతో మాట్లాడకూడదు. పదిసార్లు చేయండి. ఐదారు సరిగ్గా చెప్పడం గుడ్డిగా చెప్పినా వచ్చేదే. తొమ్మిదీ అంతకన్నా ఎక్కువా సరిగ్గా చెప్పే అవకాశం అదృష్టం మీద వందలో ఒకసారే ఉంటుంది.

తొమ్మిది వచ్చాయనుకోండి. కొత్త వైరు ఉంచుకోండి, కానీ పాతదాన్ని పారేసే ముందు మల్టీమీటర్‌తో కొలవండి. ముందుగా మీటరు రెండు పిన్నులు ఒకదానికొకటి తాకించి వచ్చే అంకె రాసుకోండి, అది మీటరు తీగలదే. తర్వాత వైరు ఒక చివర రెండు తీగలూ కలిపి, రెండో చివర కొలిచి, ఆ అంకె తీసేయండి. స్పీకరు ఓమ్‌లలో ఐదు శాతం దాటి ఉంటే మీరు విన్నది వైరు మందం. దాటకుండానే తేడా వినిపించి ఉంటే టెర్మినల్ దగ్గర పోగులు చూడండి, చాలాసార్లు అక్కడ ఒక స్క్రూ సగమే బిగించి ఉంటుంది.